నరసన్నపేట నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం ఎంత, గాలిలో ఎన్ని గంటలు?

వంశధార మాస్టారు, నరసన్నపేట
నవంబరు 9, రాత్రి 8:15

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అమ్మాయికి జనవరిలో నెలలు నిండుతాయి కాబట్టి నేను, మా ఆవిడ డిసెంబరు మొదటి వారంలో బయలుదేరుతున్నాం. మాకిద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం, మా ఆవిడకైతే విమానం ఎక్కడమే మొదటిసారి.

టికెట్టు మీద ఉన్న అంకెలు నాకు ఎంతకీ పొంతన కుదరక మీ ముందుకు వచ్చాను. ఆదివారం రాత్రి 11 గంటలకు విశాఖపట్నంలో బయలుదేరి సోమవారం తెల్లవారుజామున 5:30కు సింగపూర్ చేరుతామట. అక్కడ ఉదయం 9 గంటలకు రెండో విమానం ఎక్కితే అదే సోమవారం ఉదయం 8 గంటలకు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతామట. మార్చి ఆఖరి వారంలో తిరుగు ప్రయాణం. అప్పుడు సోమవారం రాత్రి 11కు బయలుదేరితే సింగపూర్ చేరేసరికి బుధవారం ఉదయం 7 గంటలు అవుతుందని రాసి ఉంది. అంతర్జాలంలో చూస్తే విశాఖ నుంచి అక్కడికి 13,300 కిలోమీటర్లని ఉంది, టికెట్టు తీసిచ్చినవారు 16,500 అంటున్నారు. ఇందులో ఏది నమ్మాలి? మా ఆవిడ రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది. గడియారాల సంగతి ఎలా ఉన్నా, ఒక సూదికీ మరో సూదికీ మధ్య నిజంగా ఎన్ని గంటలు గడుస్తాయో నాకు కచ్చితంగా తెలియాలి.

కోట బురుజు, విజయనగరం
నవంబరు 9, రాత్రి 9:40

మాస్టారూ, ముందు దూరం సంగతి చూద్దాం. మీరు విన్న రెండు అంకెలూ సరైనవే, అయితే అవి రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు.

నేను కళాశాలలో భూగోళశాస్త్రం చెబుతాను. ఏటా మొదటి వారంలో పిల్లల చేత చేయించే పని ఒకటి ఉంది, మీరూ ఇంట్లో చేసి చూడండి. బడిలో ఉండే 30 సెంటీమీటర్ల వ్యాసం గల గ్లోబు తీసుకుని, పూలు కట్టే దారం ఒక కొసను శ్రీకాకుళం తీరం మీద, రెండో కొసను కాలిఫోర్నియా తీరం మీద ఉంచి బిగించి లాగండి. గోడ పటంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకు తూర్పున, పసిఫిక్ మహాసముద్రానికి అవతల ఉన్నట్టు కనిపిస్తుంది కదా, దారం మాత్రం అటు పోదు. అది హిమాలయాలు దాటి, మంగోలియా, తూర్పు సైబీరియాల మీదుగా పైకి పాకి, ఆర్కిటిక్ వలయాన్ని కాస్త దాటి, బేరింగ్ జలసంధి దగ్గర అమెరికా ఖండంలో అడుగుపెట్టి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. ఆ దారం సుమారు 31 సెంటీమీటర్లు వస్తుంది. గ్లోబు నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు, అసలు భూమిది దాదాపు 40,000 కిలోమీటర్లు కాబట్టి ఒక సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు పడతాయి. గుణిస్తే దాదాపు 13,200. అంతర్జాలం మీకు చెప్పింది ఈ దూరమే. గోళం మీద రెండు ఊళ్ల మధ్య ఇంతకన్నా దగ్గర దారి ఉండదు, దీనినే మహావృత్త మార్గం అంటారు.

గోడ పటం మనల్ని తప్పుదారి పట్టించడానికి కారణం ఉంది. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచేటప్పుడు ధ్రువాల వైపున్న ప్రాంతాలు సాగిపోతాయి, మెర్కేటర్ పటంలో 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ప్రతి పొడవూ రెట్టింపుగా కనిపిస్తుంది. దారాన్ని అక్కడి నుంచి తీసి షికాగో మీద పెట్టి చూడండి, అది ఉత్తర ధ్రువానికి ఏడెనిమిది వందల కిలోమీటర్ల దగ్గరగా పోతుంది. పొడవు మాత్రం ఇంచుమించు అంతే. షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ఒకదానికొకటి దాదాపు 3,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, శ్రీకాకుళానికి రెండూ సమాన దూరంలోనే ఉన్నాయి. ఈ మాట చెప్పినప్పుడు తరగతిలో ఎవరో ఒకరు లేచి వచ్చి మళ్లీ దారం వేసి చూడకుండా ఉండరు.

ఇక మీరు వెళ్లే దారి ఇది కాదు. విశాఖ నుంచి సింగపూర్ 2,900 కిలోమీటర్లు, సింగపూర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,600. కూడితే 16,500. ముందు దక్షిణానికి దిగి ఆ తర్వాత ఈశాన్యానికి ఎక్కుతున్నారు కాబట్టి 3,200 కిలోమీటర్లు అదనంగా పడుతున్నాయి. హైదరాబాద్ వెళ్లి దుబాయ్ మీదుగా పడమటి వైపు నుంచి వెళ్లినా దాదాపు 16,100 అవుతుంది, పెద్ద తేడా లేదు.

జీడితోట, పలాస
నవంబరు 9, రాత్రి 10:25

నమస్కారమండి. నాకు చిన్నప్పటి నుంచి ఒక సందేహం ఉంది, సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతున్నది కదా. అలాంటప్పుడు విమానం తూర్పుకు పోతే గమ్యస్థానం దాని ముందు నుంచి జరిగిపోతూ ఉండాలి, పడమరకు పోతే ఊరే ఎదురు రావాలి. ఆ లెక్కన మాస్టారు దుబాయ్ మీదుగా వెళ్లడం మంచిది కదా?

మేఘమాల, బొబ్బిలి
నవంబరు 10, ఉదయం 6:10

తమ్ముడూ, ఈ సందేహం చాలామందికి ఉంది, అడగడం మంచిదైంది. బొబ్బిలి నుంచి విజయనగరం పోయే ప్యాసింజరు రైలు పెట్టెలో ఒక దోమ ఎగురుతున్నదనుకో. రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నా ఆ దోమ వెనక గోడకు కొట్టుకోదు, పెట్టెలోని గాలి కూడా రైలుతో పాటే ప్రయాణం చేస్తున్నది కాబట్టి. భూమి సంగతీ అంతే. మన అక్షాంశం దగ్గర నేల గంటకు దాదాపు 1,585 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతున్నది, దానితో పాటే గాలీ తిరుగుతున్నది, రన్‌వే మీద నిలిచిన విమానమూ తిరుగుతున్నది. కాబట్టి ఊరు జరిగిపోవడం, ఎదురు రావడం అనేవి లేవు.

తేడా తెచ్చేది పైన వీచే గాలి. నేను వైమానిక దళంలో వాతావరణ విభాగంలో చాలాకాలం పనిచేశాను, ఈ గాలి లెక్కలే మా రోజువారీ కూడు. 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, ధ్రువాల చల్లటి గాలీ ఉష్ణమండలపు వేడి గాలీ కలిసే చోట, పడమర నుంచి తూర్పుకు ఒక ఇరుకైన గాలి ప్రవాహం నదిలా సాగుతుంది. ఇదే జెట్ స్ట్రీమ్. దీని వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటడం మామూలే, చలికాలంలో కొన్నిచోట్ల 300 దాటుతుంది. 1920లలో జపాన్ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి బెలూన్లు ఎగరవేసి దీన్ని కొలిచారు. ఆ ప్రవాహం అత్యంత బలంగా ఉండే చోట్లలో జపాన్ పైభాగం ఒకటి, మాస్టారు దాటబోయేది ఆ దారినే.

దీని బలం ఎంతో చెప్పడానికి ఒక సంఘటన చాలు. 2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద పెద్ద తుపాను గాలులు వీచిన రాత్రి, న్యూయార్క్ నుంచి లండన్ వెళ్లిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 4 గంటల 56 నిమిషాలలో దిగింది. మామూలుగా అది ఆరు గంటలకు పైబడిన ప్రయాణం. నేలతో పోలిస్తే అది గంటకు 1,300 కిలోమీటర్లకు పైగా వేగంతో పరిగెత్తింది, అయినా విమానం తన చుట్టూ ఉన్న గాలిలో మామూలు వేగంతోనే ఎగిరింది.

మాస్టారి ప్రయాణానికి ఇదే లెక్క వేస్తాను. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుందాం. దారి పొడవునా సగటున 50 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే 13,600ను 950తో భాగించాలి, 14 గంటల 20 నిమిషాలు వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురైతే 850తో భాగించాలి, 16 గంటలు. పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ, రన్‌వే దాకా నడవడానికీ ముప్పావు గంట కలపండి. వెళ్లేటప్పుడు సుమారు 15, వచ్చేటప్పుడు సుమారు 17 గంటలు. వంశధారకు వరద వచ్చినప్పుడు పడవ వాలుకు పోవడానికీ ఎదురు రావడానికీ ఉండే తేడాయే ఇది.

కోట బురుజు, విజయనగరం
నవంబరు 10, ఉదయం 7:30

మేఘమాల గారు చెప్పినదానికి మన దేశంలోనే చక్కటి ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. మొదట అది అట్లాంటిక్ మీదుగా, పడమటి దిక్కుగా వెళ్లేది. 2016 అక్టోబరు నుంచి దారి మార్చి పసిఫిక్ మీదుగా తూర్పుకు తిప్పారు. ఆ దారి పొడవు సుమారు 15,300 కిలోమీటర్లు, పాతదానికంటే దాదాపు 1,400 ఎక్కువ. అయినా దాదాపు రెండు గంటలు ముందే చేరింది, ఎందుకంటే ఎదురుగాలి స్థానంలో తోడు గాలి దొరికింది. పొడవైన దారి త్వరగా చేర్చడమనేది నేల మీద ప్రయాణించే మనకు వింతగానే ఉంటుంది.

2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే నడిపిన విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. 16,000 కిలోమీటర్ల దారి, 17 గంటల సమయం. ఆ రోజు మా పిల్లలు గ్లోబు మీద దారం పట్టుకుని ఆ విమానంతో పాటే నడిచారు.

టికెట్ల కౌంటరు, శ్రీకాకుళం
నవంబరు 10, మధ్యాహ్నం 1:05

పదిహేనేళ్లుగా టికెట్లు తీస్తున్న అనుభవంతో రెండు మాటలు కలుపుతాను. టికెట్టు మీద ఉండే సమయం చక్రాలు నేలను వదిలిన క్షణం నుంచి లెక్కించేది కాదు. విమానం ద్వారం దగ్గర నుంచి కదలడం మొదలు, అవతలి ఊళ్లో ద్వారం దగ్గర ఆగడం వరకు ఉన్న సమయం అది. అందులో ఆలస్యాల కోసం కొంత వెసులుబాటు కూడా కలిపే ఉంచుతారు. గాలిలో ఉండేది దానికంటే అరగంట, ముప్పావు గంట తక్కువే.

దారం చూపించిన దారిలో విమానం పోవడానికి గాలి ఒక్కటే అడ్డు కాదు, దేశాల సరిహద్దులు కూడా అడ్డే. 2022 నుంచి అమెరికా, ఐరోపా సంస్థల విమానాలను రష్యా తన గగనతలంలోకి రానివ్వడం లేదు. భారతీయ విమానాలకు పాకిస్తాన్ 2025 ఏప్రిల్ 24న దారి మూసింది, అంతకు ముందు 2019లోనూ ఫిబ్రవరి నుంచి జూలై దాకా అలాగే మూసింది. ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన విమానాలు గుజరాత్ వైపు దిగి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగవలసి వస్తున్నది. కాబట్టి ఐదేళ్ల క్రితం వెళ్లివచ్చినవారు చెప్పే గంటలను ఇప్పటి ప్రయాణానికి లెక్క కట్టకూడదు. సింగపూర్ మీదుగా వెళ్లే మాస్టారి దారికి ఈ రెండు మూతలూ తగలవు.

మాస్టారూ, మీ రెండు విమానాలూ ఒకే టికెట్టులో ఉన్నాయా, వేరువేరుగా తీశారా? దయచేసి చూసి చెప్పండి.

నాగావళి ఒడ్డు, రాజాం
నవంబరు 10, రాత్రి 8:50

ఈ ప్రశ్నకు మాస్టారు తప్పకుండా జవాబు చూసుకోవాలి. మూడేళ్ల క్రితం మా అమ్మానాన్నలను అన్నయ్య దగ్గరకు పంపినప్పుడు నేను చేసిన పొరపాటు ఇంకెవరికీ జరగకూడదని రాస్తున్నాను. ధర తక్కువని మొదటి విమానం ఒక సంస్థలో, రెండోది మరో సంస్థలో విడివిడిగా తీశాను. మధ్యలో 2 గంటల 40 నిమిషాలు ఉంది, చాలుననుకున్నాను. పొగమంచు వల్ల మొదటి విమానం గంటన్నర ఆలస్యంగా దిగింది. టికెట్లు వేరు కావడంతో పెట్టెలు అక్కడే తీసుకుని, బయటకు వచ్చి, మళ్లీ వరుసలో నిలబడి అప్పగించాలి. వాళ్లు వరుస ముందుకు చేరేసరికి కౌంటరు మూసేశారు. రెండో సంస్థ వారు అది తమ బాధ్యత కాదన్నారు, వారి నియమం ప్రకారం అది నిజమే కూడా. అమ్మ, నాన్న 19 గంటలు కుర్చీలలో కూర్చున్నారు. అమ్మ తెచ్చుకున్న పులిహోర పొట్లం ఎంత అడిగినా విప్పలేదట, ఇంకా ఎంతసేపు ఉండాలో తెలియక రేపటికి దాచిందట. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. ఒకే టికెట్టు అయితే తర్వాతి విమానంలో చోటు చూపించడం సంస్థ బాధ్యత అవుతుంది, పెట్టెలూ నేరుగా చివరి ఊరికి వెళతాయి.

వంశధార మాస్టారు, నరసన్నపేట
నవంబరు 11, ఉదయం 5:45

అందరికీ కృతజ్ఞతలు. రెండూ ఒకే టికెట్టులో ఉన్నాయి, అమ్మాయి ఫోనులో ధ్రువీకరించింది. రాజాం వారూ, మీ అమ్మగారి మాట చదివి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

రాత్రి కూర్చుని గడియారాల లెక్క నేనే వేశాను. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, గంటకు 15 డిగ్రీలు. మన దేశ సమయం 82½ డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడకు చేరువగా పోతుంది. మన శ్రీకాకుళం దాదాపు 84 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి సూర్యుడు మనకు గడియారం కంటే ఆరు నిమిషాలు ముందే వస్తాడు, అది వేరే సంగతి.

సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి 11 నుంచి 5:30కు ఆరున్నర గంటలు కనిపిస్తుంది, అందులో రెండున్నర తీసేస్తే ప్రయాణం 4 గంటలు. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం సింగపూర్ కంటే 16 గంటలు వెనక. 9 గంటలకు ఎక్కి 8 గంటలకు దిగితే ఒక గంట తగ్గినట్టు కనిపిస్తుంది, దానికి 16 కలిపితే ప్రయాణం 15 గంటలు. మేఘమాల గారి భాగహారంతో సరిపోయింది. మధ్యలో 180 డిగ్రీల దగ్గర తేదీ మారే దినరేఖ దాటుతాం కాబట్టి ఒకే సోమవారం ఉదయం మాకు రెండుసార్లు వస్తుంది. 4, మధ్యలో మూడున్నర, ఆపైన 15, మొత్తం 22½ గంటలు.

వచ్చేటప్పుడు సోమవారం రాత్రి 11 నుంచి బుధవారం ఉదయం 7 దాకా 32 గంటలు కనిపిస్తుంది, 16 తీసేస్తే 16 గంటలు. బొబ్బిలి వారు 17 అన్నారు. ఈ ఒక్క గంట ఎక్కడికి పోయిందో తేలడం లేదు.

సాలూరు పిల్ల, కాలిఫోర్నియా
నవంబరు 11, ఉదయం 11:20

మాస్టారూ, ఆ గంట మా ఊళ్లో ఉంది. ఇక్కడ మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున గడియారాలను ఒక గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. మీరు వచ్చేటప్పటికి మనదేశానికీ ఇక్కడికీ తేడా 13 గంటల 30 నిమిషాలు ఉంటుంది, తిరిగి వెళ్లే మార్చి ఆఖరికి 12 గంటల 30 నిమిషాలు అవుతుంది. సింగపూర్‌లో ఈ పద్ధతి లేదు కాబట్టి దానితో తేడా 16 నుంచి 15కు దిగుతుంది. 32లో 15 తీసేస్తే 17 గంటలు, బొబ్బిలి వారి లెక్కే సరైనది. నేను దీన్ని గుర్తుపెట్టుకునే పద్ధతి చెబుతాను. మన అరసవల్లిలో మార్చి రెండో వారంలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి కదా, ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇక్కడ గడియారం జరుగుతుంది. అమ్మ అరసవల్లి దర్శనానికి వెళ్లానని ఫోన్ చేసిందంటే, ఇక ఆమెతో మాట్లాడే వేళ గంట మార్చుకోవాలని నాకు గుర్తొస్తుంది.

మరొక మాట. ఇరవై రెండున్నర గంటలు విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి మాత్రమే. నరసన్నపేట నుంచి విశాఖకు మూడు గంటల కారు ప్రయాణం, మూడు గంటల ముందు చేరడం, ఇక్కడ దిగాక ఇమ్మిగ్రేషన్ వరుసలో గంట, రెండు గంటలు. ఇంటికి చేరే సమయం కూడా కలిపి మొత్తం 31, 32 గంటలని మనసులో పెట్టుకోండి. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి ఎక్కే రోజున రోడ్డు మీద గంటకు పైగా తగ్గుతుంది.

తులసికోట, గరివిడి
నవంబరు 11, సాయంత్రం 6:30

నేను వైద్యురాలిని. ఇన్సులిన్ మోతాదు ఇక్కడ చెప్పకూడదు, అమ్మగారు చూపించుకునే వైద్యులకు మీరు వేసిన ఈ గంటల పట్టికనే చూపించండి, వారికి కావలసింది సరిగ్గా అదే. తూర్పుకు ఇన్ని కాలమండలాలు దాటినప్పుడు సూర్యుడి లెక్కన రోజు కురచవుతుంది, స్థానిక గడియారం చూసి వేసుకుంటే సూదులు దగ్గరపడే ప్రమాదం ఉంది. అందుకని చేరేదాకా ఒక గడియారాన్ని మన సమయం మీదనే ఉంచండి. మందు చేతి సంచిలోనే ఉండాలి, అడుగున సామాను గదిలో గడ్డకట్టే చలికి పాడైపోవచ్చు. మందుల చీటీ కూడా వెంట ఉంచుకోండి. రెండు గంటలకొకసారి లేచి నడవండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది.

వంశధార మాస్టారు, ప్రస్తుతం శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర
డిసెంబరు 10, ఉదయం 7:10 (మన సమయం)

క్షేమంగా చేరాం. లెక్క అప్పగిస్తున్నాను. ఎడమ చేతికి నా పాత హెచ్ఎంటీ గడియారం మన సమయంతో పెట్టుకుని, కుడి చేతికి అల్లుడు పంపిన గడియారం పెట్టుకున్నాను.

ఆదివారం సాయంత్రం 4 గంటలకు ఇంటి తలుపుకు తాళం వేశాను. సింగపూర్‌లో విమానం చక్రాలు నేలను వదిలినప్పుడు నా గడియారంలో సోమవారం ఉదయం 7 గంటలు. ముందు సీటు వెనక ఉన్న తెరలో విమానం బొమ్మను చూస్తూనే ఉన్నాను. జపాన్‌కు తూర్పున ఒకచోట వేగం 1,080 కిలోమీటర్లని, బయట ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 56 డిగ్రీలని చూపించింది. మా ఆవిడను లేపి చూపిస్తే, కిటికీ అద్దానికి చెయ్యి ఆనించి, బయట ఉన్న గాలి మనల్ని నెడుతున్నదా అని అడిగింది. అవునన్నాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో చక్రాలు నేలను తాకినప్పుడు నా గడియారంలో రాత్రి 9:05. గాలిలో ఉన్నది 14 గంటల 5 నిమిషాలు. ద్వారం దగ్గర ఆగేసరికి 9:15, టికెట్టు చెప్పినదానికంటే పావుగంట ముందు. అమ్మాయి ఇంటి గడపలో అడుగుపెట్టేసరికి అర్ధరాత్రి దాటి 12:15. తాళం వేసినప్పటి నుంచి 32 గంటల 15 నిమిషాలు.

ఆ లోపల మా ఆవిడ సూదులన్నీ మా వైద్యులు రాసిచ్చిన వేళలకే, హెచ్ఎంటీ గడియారం చూసే పడ్డాయి. ఇప్పుడు ఆ గడియారాన్ని నా చేతి నుంచి తీసి వంటగదిలో మందుల డబ్బా పక్కన పెట్టింది. నరసన్నపేటలో వాళ్లమ్మగారు లేచే వేళ దాన్ని చూసే తెలుసుకుంటున్నది, సమయం మార్చవద్దని అందరికీ చెప్పింది.